అనంతపురం ఎండలో ఆఫ్-గ్రిడ్ మాడ్యులర్ ఇల్లు: కంటైనర్ కన్నా ముందు కరెంటు, నీళ్ళ లెక్క

తమ్ముడూ, నీ డ్రాయింగులు, ఏ వస్తువు ఎంత కరెంటు తింటుందో రాసిన లోడ్ షీటు రెండూ మొత్తం చూశాను. మిగతావాళ్ళకి అర్థం కావడానికి నీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం థీసిస్. స్థలం కళ్యాణదుర్గం వైపు ఎర్రమట్టి చేను. నలుగురున్న రైతు కుటుంబం, రెండు ఆవులు, కరెంటు లైనుతో పని లేకుండా (ఆఫ్-గ్రిడ్) నడిచే, భాగాలుగా కలుపుతూ పెంచుకునే (మాడ్యులర్) ఇల్లు. రెండు 20 అడుగుల షిప్పింగ్ కంటైనర్లు కలిపి పెట్టి, దక్షిణం వైపు నిలువెత్తు అద్దాలు, పైన 5 కిలోవాట్ల సోలార్, కింద నాలుగు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒకటిన్నర టన్నుల ఏసీ, 10,000 లీటర్ల వాన నీటి ట్యాంకు. "బ్యాటరీ సరిపోతుందా అన్నా, తర్వాత ఇంకో కంటైనర్ తగిలించి ఇల్లు పెంచుకోవచ్చా" అని అడిగావు.

బ్యాటరీ సరిపోదు. కానీ ఇంకో నాలుగు బ్యాటరీలు పెట్టు అని నేను చెప్పను, ఎందుకంటే తప్పు బ్యాటరీలో లేదు, అనంతపురం ఎండలో ఇనుప పెట్టె పెట్టి దాన్ని ఏసీతో చల్లబరచాలనుకోవడంలో ఉంది. ఆఫ్-గ్రిడ్ ఇంట్లో గోడ ఎంచుకోగానే బ్యాటరీ సైజు సగం తేలిపోయినట్టే. నువ్వు ముందు ఆకారం గీసి, తర్వాత దానికి తగ్గ కరెంటు వెతుకుతున్నావు. దాన్ని తిరగెయ్యాలి.

ముందు కరెంటు లెక్క. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు, ఒక్కోటి 30 వాట్లు, రోజుకు 12 గంటలు తిరిగితే 1.4 యూనిట్లు. మామూలు ఫ్యాన్లయితే 70, 75 వాట్లు, అంటే అక్కడే రెండు రెట్లు దాటిపోతుంది. ఎల్‌ఈడీ లైట్లకి పావు యూనిట్, చిన్న ఫ్రిజ్‌కి 0.7, టీవీ, ల్యాప్‌టాప్, ఫోన్లు, వైఫై కలిపి 0.6, మిక్సీ, వాషింగ్ మెషీన్ సగటున 0.3, కింది ట్యాంకు నుంచి పైకి నీళ్ళెక్కించే అర హెచ్‌పీ మోటారు గంట తిరిగితే అర యూనిట్. మొత్తం దాదాపు 3.8. ఇంతవరకు నీ షీట్‌లో కూడా ఉంది, బాగానే వేశావు. నువ్వు రాయనిది ఇన్వర్టర్ సొంత ఖర్చు. 5 కేవీఏ ఆఫ్-గ్రిడ్ ఇన్వర్టర్ ఏమీ నడపకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 50 వాట్ల దాకా లాగుతుంది, రోజంతా కలిపితే 1.2 యూనిట్లు. ఫ్యాన్లన్నీ కలిపి తినేదానికి కాస్త తక్కువ, అంతే. చాలామంది థీసిస్‌లలోనే కాదు, డబ్బు తీసుకుని సిస్టమ్ పెట్టేవాళ్ళ కొటేషన్లలో కూడా ఈ లైను కనపడదు. కాబట్టి ఇంటి అసలు ఖర్చు రోజుకు 5 యూనిట్లు అనుకో.

ఇప్పుడు దాంట్లో ఏసీ కలుపు. మే నెలలో ఎండకి కాలిన స్టీలు గదిని ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ ఎనిమిది గంటలు చల్లగా ఉంచాలంటే 7 నుంచి 9 యూనిట్లు పోతాయి. ఇల్లంతా తినేదానికంటే ఏసీ ఒక్కటే ఎక్కువ తింటుంది. నీ బ్యాటరీలు పేరుకి 7.2 యూనిట్లు, కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే తొందరగా చస్తుంది, అంటే రోజూ వాడుకోగలిగేది 3.6 యూనిట్లే. సాయంత్రం లైట్లు, ఫ్యాన్లు, టీవీ పోను తొమ్మిదింటికి ఏసీ వేస్తే అర్ధరాత్రికి ముందే ఇన్వర్టర్ కూత పెడుతుంది. పైగా ఆ బ్యాటరీలు కూడా అదే ఇనుప డబ్బాలో మూల పెట్టావు. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకి లెడ్ యాసిడ్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క. బ్యాటరీ ఉండాల్సింది ఇంట్లోకెల్లా చల్లని, గాలాడే మూలలో, ఉత్తరం వైపు. ట్యూబులర్ బ్యాటరీ ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి పడకగదిలో అసలు వద్దు.

ఏసీ తీసేస్తే పరిస్థితి మొత్తం మారిపోతుంది. రాత్రి ఖర్చు సుమారు 2.8 యూనిట్లు. 48 వోల్టుల శ్రేణిలో ఒక 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే 5 యూనిట్లది, అందులో 85 శాతం ధైర్యంగా వాడుకోవచ్చు, 4 యూనిట్ల పైన చేతిలో ఉంటుంది. ఇంకొకటి తర్వాత తగిలించడానికి గోడ మీద చోటు వదులు చాలు. ప్యానెళ్ళు 3 కిలోవాట్లు. మన దగ్గర కిలోవాట్‌కి రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, అంటే 12. ఇంత ఎక్కువ ఎందుకంటే సగటు రోజు కోసం డిజైన్ చెయ్యకూడదు, చెడ్డ రోజు కోసం చెయ్యాలి. అనంతపురంలో జులై, ఆగస్టుల్లో వాన పెద్దగా పడదు కానీ మబ్బు మాత్రం వదలదు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం వస్తే రెండు మూడు రోజులు సూర్యుడే కనపడడు. అలాంటప్పుడు మూడో వంతే వచ్చినా 4 యూనిట్లు వస్తాయి, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు ఆగవు. బాగా ఎండ ఉన్న రోజు మిగులు కరెంటుతో మధ్యాహ్నం వంట ఇండక్షన్ మీద చేసుకోవచ్చు. ఏసీ లేకపోతే ఎండాకాలం ఎలా అంటావా, ముఖ్యమైన మాటంతా అక్కడే ఉంది, దానికే వస్తున్నా.

అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. అంటే నీ దక్షిణపు అద్దాలు ఎండాకాలంలో చేసే ఉపకారం లేదు, డిసెంబరులో మాత్రం ఏటవాలు ఎండని లోపలికి లాగుతాయి. చలి దేశాల్లో ఇంటిని వెచ్చబెట్టుకోవడానికి అలా కడతారు. మనకి డిసెంబరు మధ్యాహ్నం కూడా 30 డిగ్రీలు, వెచ్చబెట్టుకునే అవసరమే లేదు. దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ చాలు. నిజమైన శత్రువు పడమర గోడ, దానికన్నా పెద్ద శత్రువు పైకప్పు. నీ ప్లానులో పడమటి వైపు ఖాళీ స్టీలు గోడ, దాని వెనకే పడకగది. అక్కడ బాత్రూం, స్టోరు, పశువుల దాణా గది పెట్టు, ఏదైనా సరే, రాత్రి మనుషులు పడుకునే గది మాత్రం వద్దు.

రాయలసీమ మిద్దె ఇల్లు ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడు, ఏప్రిల్ మధ్యాహ్నం రెండింటికి. అడుగున్నర, రెండడుగుల మందం రాతి గోడలు, దూలాల మీద బండలో కట్టెలో పరిచి పైన చౌడు మట్టి దట్టంగా వేసిన కప్పు, కప్పులో గవాచి. మధ్యాహ్నపు వేడి ఆ గోడ దాటి లోపలికి వచ్చేసరికి రాత్రవుతుంది, ఆ వేళకి ఇంటివాళ్ళు మిద్దె మీదో వాకిట్లోనో మంచాలేసుకుని ఉంటారు. గవాచిలోంచి వెలుతురొస్తుంది, పైకి చేరిన వేడిగాలి పోతుంది. అక్కడ ఎండాకాలం పగటికీ రాత్రికీ 12, 13 డిగ్రీల తేడా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. ఆ తేడాని వాడుకునేది బరువైన గోడ. ఎంత ఇన్సులేషన్ కొట్టినా పల్చటి స్టీలు డబ్బాకి ఆ శక్తి రాదు, ఇన్సులేషన్ వేడిని ఆలస్యం చేస్తుంది కానీ రాత్రి చల్లదనాన్ని దాచిపెట్టుకోలేదు. నీ థీసిస్‌లో "స్థానిక వాస్తుశిల్పం" అని ఒక అధ్యాయం రాసి, ఇల్లు మాత్రం కంటైనర్‌తో గీశావు. ఆ అధ్యాయాన్ని గోడల్లోకి తీసుకురా.

ఇప్పుడు ఆ రాతిగోడ కట్టే కూలి, టైము అందరికీ కుదరదు, అది నిజమే. నీ స్థలంలో ఎర్రమట్టి, గరుసు ఉన్నాయి కాబట్టి సిమెంటు కలిపి యంత్రంతో నొక్కిన మట్టి దిమ్మెలు, సీఎస్‌ఈబీ అంటారు, వాటికి అది మంచి మట్టి. 5 నుంచి 8 శాతం సిమెంటు, కాల్చే పని లేదు, నీడలో తడుపుతూ నాలుగు వారాలు ఉంచాలి. ముందు సీసా పరీక్ష చెయ్యి: మట్టి, నీళ్ళు పోసి బాగా ఊపి ఒక రోజు వదిలితే ఇసుక, ఒండ్రు, బంక పొరలుగా పేరుకుంటాయి. బంక మరీ ఎక్కువైతే ఇసుక కలపాలి. నల్లరేగడితో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. బెంగుళూరు ఐఐఎస్‌సీలో (భారతీయ విజ్ఞాన సంస్థ) పల్లెలకి పనికొచ్చే సాంకేతికత కోసం 1974లో మొదలైన ఆస్ట్రా, తర్వాత పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ దీని మీద చాలా పని చేశాయి, ఆరోవిల్‌లో శిక్షణ కూడా ఇస్తారు. దగ్గర్లో చూడాలంటే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ చోటు ఉంది, మట్టి ఇళ్ళు, సోలార్ కరెంటు, మళ్ళీ పెంచిన అడవి. ఒక రోజు అడిగి వెళ్ళి, గోడల కింది రెండడుగులు ఎలా కాపాడుకున్నారో ప్రత్యేకంగా చూడు, మట్టి గోడ ఎప్పుడూ కిందినుంచే పోతుంది. రాతి బేస్‌మెంట్, వెడల్పాటి చూరు, ఆ రెండూ ఉంటే మట్టి గోడకి ఢోకా లేదు. ఇటుకే కావాలంటే ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో విరివిగా వాడిన ర్యాట్-ట్రాప్ కట్టుబడి ఉంది, ఇటుకని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు, పావు వంతు ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీ వేడిని కూడా ఆపుతుంది.

పైకప్పు మీద నీడ వెయ్యడానికి నీకు ఎలాగూ ప్యానెళ్ళు ఉన్నాయి. 3 కిలోవాట్లంటే దాదాపు 15 చదరపు మీటర్లు, సరిగ్గా పడకగది కప్పు మీదికొస్తుంది. కప్పుకీ ప్యానెల్‌కీ మధ్య కనీసం అడుగు, అడుగున్నర ఖాళీ వదిలి, దక్షిణానికి 15 డిగ్రీల వాలుతో పెట్టు. కప్పుకి నీడ, ప్యానెల్ కింద గాలి. ప్యానెల్ వేడెక్కే కొద్దీ, 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.35, 0.4 శాతం కరెంటు తగ్గుతుంది, మే నెలలో అది 60 దాటుతుంది కాబట్టి ఆ గాలి నీకు యూనిట్ల రూపంలో తిరిగొస్తుంది. మిగతా కప్పుకి తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వెయ్యి, తెలంగాణ 2023లో కూల్ రూఫ్‌కి ఏకంగా ఒక విధానమే తెచ్చింది. ఇంకా చాలకపోతే కూలర్. అనంతపురం పొడి గాలికి కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, 150, 200 వాట్లతో పోతుంది. కాకపోతే అది గంటకి కొన్ని లీటర్ల నీళ్ళు తాగుతుంది, అదీ ఏప్రిల్, మే నెలల్లో. అక్కడ నీళ్ళ లెక్కతో కలిపి ఆలోచించాలి.

నీళ్ళ దగ్గర నీ థీసిస్ బాగా బలహీనంగా ఉంది. అనంతపురం సగటు వాన ఏడాదికి 550 మి.మీ. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. వసారా, చూరు అన్నీ కలిపి 60 చదరపు మీటర్ల కప్పు అనుకుంటే, దాని మీద ఆవిరి, కారడం వగైరా పోను 80 శాతం పట్టినా 26,000 లీటర్లు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లని జల్ జీవన్ మిషన్ ప్రమాణం, నలుగురికి 220, ఏడాదికి 80,000. కప్పు మీద వానతో ఇల్లు గడవదు, ఏ ట్యాంకు పెట్టినా గడవదు. కానీ తాగడానికి, వంటకి మనిషికి 7 లీటర్లు వేసుకుంటే ఏడాదికి పది వేల లీటర్ల పైచిలుకు, అది హాయిగా గడుస్తుంది. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలు చినుకు లేదనుకున్నా 5,000 లీటర్లు, నీ 10,000 ట్యాంకు ఒక కరువు ఏడాదిని కూడా కాస్తుంది. కాబట్టి "వాన నీటితో స్వయం సమృద్ధి" అనే మాట తీసేసి, వాన నీళ్ళు తాగడానికి, బోరు నీళ్ళు వాడకానికి అని స్పష్టంగా రెండు పైపు లైన్లు గియ్యి.

దీనికి ఇంకో బలమైన కారణం ఉంది. ఆ జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపట్టడంతో ఆగదు, ఎముకలు పట్టేస్తాయి, నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఎంతమంది నడుములు వంగిపోయాయో మనందరికీ తెలుసు. వాన నీళ్ళలో ఆ బెడద లేదు. ఆర్వో మెషీన్ పెడదామంటే సగానికి పైగా నీళ్ళు బయటికి వదిలేస్తుంది, నీళ్ళు లేని చోట అది ఎంత నష్టమో చూడు. బోరు నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించి ఆ రిపోర్టు థీసిస్‌లో పెట్టు. మొదటి వాన 2 మి.మీ., అంటే 120 లీటర్లు, కప్పు దుమ్ముతో, పక్షి రెట్టలతో వస్తుంది, అది విడిగా బయటికి పోయే పైపు పెట్టు. ట్యాంకులోకి వెలుతురు పోకూడదు, దోమ దూరకూడదు, ప్రతి రంధ్రానికి సన్న జాలీ.

బోరు గురించి ఇంకో మాట. అక్కడ బోర్లు వందల అడుగుల లోతు. ఆ సబ్‌మెర్సిబుల్ మోటారుని ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలని చూడకు, స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకి కొన్ని రెట్లు లాగుతుంది. చేనుకి సోలార్ పంపుసెట్ విడిగా ఉంటే పగలు దాంతోనే ఎత్తు ట్యాంకు నింపుకుని, ఆ ట్యాంకునే నీళ్ళ బ్యాటరీ అనుకో. స్నానం, బట్టలు, గిన్నెల నీళ్ళు రోజుకు 150 లీటర్ల దాకా వస్తాయి, వంటింటి నీళ్ళకి జిడ్డు ఆపే చిన్న తొట్టి పెట్టి, మొత్తాన్ని గులకరాళ్ళ మడి గుండా అరటికి, బొప్పాయికి వదులు. మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి, ఒకటి నిండాక మూసి రెండోది వాడటం, ఎర్రమట్టిలో చక్కగా పనిచేస్తుంది, బోరుకి కనీసం 10 మీటర్ల దూరం ఉంచు.

గోబర్ గ్యాస్ కూడా రాశావు. 2 ఘనపు మీటర్ల దీనబంధు ప్లాంటుకి రోజుకు 50 కిలోల పేడ, దాదాపు అన్నే నీళ్ళు కావాలి. నీ కుటుంబానికి ఉన్న రెండు ఆవులు 20 కిలోలిస్తాయి. సగం వంట కూడా అవ్వదు. గ్యాస్ సిలిండర్ ఉంటుందని నిజాయితీగా రాసెయ్, థీసిస్ చూసే జ్యూరీ ఏమీ అనదు.

ఇక మాడ్యూల్. 20 అడుగుల కంటైనర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లు. ఇన్సులేషన్, బోర్డు వేస్తే 2.2కి వస్తుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం నివాసపు గది కనీస వెడల్పు 2.4, ఎత్తు 2.75. మామూలు కంటైనర్ బయటి ఎత్తే 2.59. రెండు పక్కపక్కన పెట్టి మధ్య గోడ కోస్తానన్నావు, ఆ మడతల గోడే కంటైనర్‌కి బలం, అది కోస్తే స్టీలు దూలాలు, స్తంభాలు కొత్తగా పెట్టాలి. ఖాళీ పెట్టె రెండు టన్నుల పైన, చేను దారిలోకి లారీ, హైడ్రా క్రేను రావాలి, వానాకాలం ఎర్రమట్టిలో దిగబడితే అంతే సంగతులు. రెండు పెట్టెల అతుకు దగ్గర ప్రతి వానకీ కారుతుంది.

మాడ్యూల్ అంటే ఒక కొలత అనుకో. 10 అడుగులు, 12 అడుగులు, దాదాపు 11.1 చదరపు మీటర్లు వస్తుంది, గదికి కావలసిన 9.5 దాటుతుంది. మొదట కట్టేది ఒక గుండెకాయ భాగం: వంటిల్లు, బాత్రూం వీపులు ఆనించి, మధ్య గోడలో పైపులన్నీ, పైన ట్యాంకు, ఉత్తరం మూల బ్యాటరీ గది. దానికి ఆనుకుని రెండు గదులు, ఒక వసారా. కొడుక్కి పెళ్ళైతే ఇంకో గది అదే కొలతతో, పైపు పగలగొట్టకుండా, ప్యానెల్ వైరు మార్చకుండా. స్తంభాలు, కప్పు ఫ్రేము నట్టు బోల్టు స్టీలుతో ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకో, ట్రాక్టర్ మీద వస్తాయి, నలుగురు మనుషులు లేపుకోగలరు. బరువైన గోడ అక్కడి మట్టితో అక్కడే. తేలికైంది ప్రయాణం చెయ్యాలి, బరువైంది స్థలంలో దొరకాలి, నా అనుభవంలో మన పల్లెల్లో మాడ్యులర్ నిలబడేది ఈ పద్ధతిలోనే.

"ఈ మాడ్యూల్ ఆంధ్రాలో ఎక్కడైనా పెట్టొచ్చు" అన్న వాక్యం తీసెయ్. భవనాల మీద గాలి ఒత్తిడి లెక్కకి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో, మనకి దగ్గర్లోని కర్నూలు గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, విశాఖకి 50. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి విశాఖలో 60 శాతం పైన ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు గుండ్రంగా ఉండటానికి తుపాను గాలితో సంబంధం ఉంది. నీ ప్యానెల్ స్టాండు అక్కడ అలాగే పెడితే ఎగిరిపోతుంది. అలాగే నల్లరేగడిలో ఈ పునాది పనికిరాదు, అండర్-రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు కాంక్రీటు స్తంభాలు కావాలి.

ఇంకొకటి. కరెంటు స్తంభం చేను పక్కనే ఉంటే పూర్తి ఆఫ్-గ్రిడ్ ఎందుకు అని జ్యూరీ తప్పకుండా అడుగుతుంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది, కానీ గ్రిడ్‌కి కలిపిన సిస్టమ్‌కే. లైను ఉన్న చోట గ్రిడ్‌తో పాటు చిన్న బ్యాటరీ మంచిది, ఏళ్ళకోసారి బ్యాటరీ మార్చే భారం కూడా తగ్గుతుంది. నీ స్థలం నుంచి దగ్గరి స్తంభం ఎంత దూరమో సైట్ ప్లానులో చూపించు, దూరమైతే నీ వాదన దానంతటదే నిలబడుతుంది.

వైరింగ్‌లో ఒక్క విషయం అసలు వదలొద్దు: ప్యానెల్ వైపు డీసీ ఎంసీబీలే (షార్టయితే కరెంటు ఆపే స్విచ్‌లు) వాడాలి, ఇంట్లో మామూలు ఆల్టర్నేటింగ్ కరెంటుకి వాడే ఎంసీబీ డీసీ నిప్పుని ఆర్పలేక కాలిపోతుంది. ఎర్తింగ్ విడిగా, ఒంటరి చేలో ఇల్లు కాబట్టి పిడుగు రక్షణ తప్పనిసరి.

వచ్చే రివ్యూకి ముందు ఒకే షీటు చెయ్యి, పన్నెండు నెలలు అడ్డంగా, ప్రతి నెలకీ వచ్చే యూనిట్లు, పోయే యూనిట్లు, పడే వాన, వాడే నీళ్ళు. ఆ షీటు, బోరు రిపోర్టు, సీసా పరీక్ష ఫోటో, కొత్త ప్లాను ఇక్కడే పెట్టు, పునాది, కప్పు ఫ్రేము సైజులు కూర్చుని చూద్దాం.